కొలిచిన ఇళ్లు, నిలవని కాగితాలు

ఆర్కిటెక్చర్ విద్యార్థి ఐదేళ్ల చదువులో కనీసం మూడుసార్లు పరిశోధకుడి అవతారం ఎత్తుతాడు. ముందు ఒక ఊరికో, గుడికో, పాతబస్తీ దేవిడీకో వెళ్లి టేపు పట్టి కొలతలు తెస్తాడు. తర్వాత డిజర్టేషన్ రాస్తాడు. చివరి ఏడాది థీసిస్. ఇంటీరియర్ డిజైన్ విద్యార్థి ఇళ్లలో, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో మనుషులు ఎలా మసలుతున్నారో చూస్తాడు. విజువల్ డిజైన్ వాళ్లు చేతిపనులవాళ్ల దగ్గర కూర్చుని క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్ చేస్తారు, అక్షరాలు గీస్తారు. దేశమంతా కలిపి ఏటా వేలమంది చేసే పని ఇది. ఇందులో ఎంత భాగం పరిశోధన, ఎంత భాగం మార్కుల తతంగం? దీనివల్ల ఇప్పటిదాకా ఏం ఒరిగింది, ఎక్కడ ఆగిపోతోంది?

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన విద్యార్థులకు ఓపిక తక్కువేం కాదు, కన్ను కూడా బాగానే ఉంది. లేనిది కొనసాగింపు. ప్రతి బ్యాచ్ తానే మొదటిదన్నట్టు మొదలుపెడుతుంది, తన తర్వాత ఎవరూ రారన్నట్టు ముగిస్తుంది.

గీయడం పరిశోధన అవుతుందా?

సైన్సు వాళ్లకు ఈ పేచీ లేదు. ప్రయోగం, ఫలితం, వ్యాసం అంతే. డిజైన్‌లో మాత్రం గీసినదాన్ని పరిశోధన అనవచ్చా అన్న వాదం ఎప్పటినుంచో ఉంది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌కు చెందిన క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లో రాసిన చిన్న వ్యాసంలో దీన్ని మూడుగా విడదీశాడు: డిజైన్ గురించి చేసేది, డిజైన్ కోసం చేసేది, డిజైన్ చేస్తూ చేసేది. మొదటిది చరిత్రకారుడి పని. రెండోది సమాచార సేకరణ. మూడోది కొత్తది. గీస్తూ, కడుతూ, పరీక్షిస్తూ తెలుసుకున్నదాన్ని ఇతరులకు పనికొచ్చేలా రాసిపెట్టడం.

మన కాలేజీల్లో ఎక్కువగా జరిగేది రెండోది. దాని పేరు కేస్ స్టడీ. ఆసుపత్రి థీసిస్ అయితే రెండు ఆసుపత్రులు చూసి, రెండు ఇంటర్నెట్లో వెతికి, గదుల వైశాల్యాలు పట్టికలో పెడతారు. అది అవసరమైన పనే. కానీ పట్టిక దగ్గరే ఆగితే పరిశోధన అనిపించుకోదు. ఆ ఆసుపత్రిలో రోగి వెంట వచ్చినవాళ్లు ఎక్కడ అన్నం తింటున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు అని అడిగినప్పుడు మొదలవుతుంది అసలు పని.

కొలతల బలం

విద్యార్థులు అందరికన్నా బాగా చేసే పని కొలవడం. దాని విలువకు పెద్ద సాక్ష్యం వార్సా. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం ఆ నగరపు పాతబస్తీని నేలమట్టం చేసింది. యుద్ధానికి ముందు అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థులూ ఉపాధ్యాయులూ పాత కట్టడాలను కొలిచి పటాలు గీసి ఉంచారు. యుద్ధం చివర్లో ఆ పటాలను నగరం దాటించి ఒక మఠంలో దాచారు. శాంతి వచ్చాక పాతబస్తీని తిరిగి కట్టేటప్పుడు చేతికందిన ముఖ్యమైన ఆధారాల్లో అవి ఒకటి. 1980లో ఆ పాతబస్తీ యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. క్లాసు పనిగా గీసిన కాగితాలు ఒక నగరాన్ని నిలబెట్టాయి.

మనకూ అలాంటి అవసరం పడింది. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించారు. ఏ రాయి ఎక్కడిదో పటం మీద లేకుంటే అది సాధ్యమయ్యేది కాదు.

కొలవడం చూడటానికి సులువు. ముగ్గురు కలిస్తేగాని సాగదు. ఒకరు టేపు సున్నా కొసను గోడ మూలకు అదిమిపట్టాలి, ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. తలుపు నుంచి కిటికీకి ఒకసారి, కిటికీ నుంచి స్తంభానికి మరోసారి అంటూ ముక్కలుగా కొలిస్తే ప్రతి ముక్కలోనూ కాస్త తేడా చేరి గోడ చివరికొచ్చేసరికి లెక్క తప్పుతుంది. అందుకే టేపు కొసను కదలనివ్వకుండా అన్నిటినీ అక్కడి నుంచే చదవాలి. గది నలుచదరంగా కనిపించినా నమ్మకూడదు. ఈ మూల నుంచి ఆ మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. అవి సమానంగా రాకపోతే గది వంకర. నేల ఎత్తుపల్లాలకు నీళ్లు నింపిన గొట్టం, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, ఇప్పటికీ చాలు.

గోదావరి జిల్లాల మండువా లోగిలిని ఇలా కొలిచినవాడికి పుస్తకంలో దొరకని సంగతులు తెలుస్తాయి. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలి వాననీటిని నడిమి మండువాలోకి దించుతుంది. ఆ నీళ్లు బయటికి పోయే తూము ఎక్కడుంది, దానికోసం నేలను ఎటు వాల్చారు అన్నది సెక్షన్ గీస్తేగాని బోధపడదు. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు ఇంకో పాఠం. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగే తాటాకు కప్పు. తుఫాను గాలి పట్టి లాగడానికి మూలలు లేవు. చూరు కిందికి ఉంది కనుక జడివాన గోడను తాకదు. మూలలు లేని ఇంటిని మూలల నుంచి కొలవలేం కనుక నడిమధ్యను పట్టుకుని అక్కడి నుంచి చుట్టూ కొలవాలి. ఇల్లే కొలిచే పద్ధతిని నేర్పుతుంది.

ఆర్కిటెక్చర్ విద్యార్థుల జాతీయ సంఘం నాసా లూయీ కాన్ పేరిట ఇచ్చే ట్రోఫీ ఇలాంటి డాక్యుమెంటేషన్‌కే. ఆ పోటీ వల్ల కొన్ని తరాల విద్యార్థులు ఊళ్లు పట్టుకుని తిరిగారు. ఇందులోనూ లోపాలున్నాయి. ఒకటి, కళ్లు చెక్కడాల మీదికే పోతాయి. కోవెలలు, కోటలు, దేవిడీలు మళ్లీమళ్లీ కొలుస్తారు. పట్టణాల్లో డెబ్బైల నాటి డాబా ఇళ్లను, ప్రభుత్వ కాలనీ ఇళ్లకు జనం కట్టుకున్న కొత్త గదులను, పాత సినిమా హాళ్లను ఎవరూ పట్టించుకోరు. రెండు, షీటు అందంగా వస్తే చాలనుకోవడం. ఎవరు కట్టారు, ఏ గది తర్వాత చేరింది, ఏ గోడ పంపకాల్లో లేచింది అన్నవి పటం మీదికి రావు. ఇప్పుడు డ్రోన్లు, స్కానర్లు వచ్చి కొలత తేలికైంది. కంప్యూటర్ తెర మీద లక్షల చుక్కలుగా ఇల్లు ప్రత్యక్షమవుతుంది. ఆ చుక్కల్లో ఏది దూలమో, ఏది వాసమో చెప్పాల్సింది మాత్రం మనిషే.

మనుషుల్ని చూడటం

1968లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో రాబర్ట్ వెంచురి, డెనిస్ స్కాట్ బ్రౌన్, స్టీవెన్ ఐజెనోర్ ఒక స్టూడియో నడిపారు. తొమ్మిదిమంది ఆర్కిటెక్చర్ విద్యార్థులు, ఇద్దరు ప్లానింగ్, ఇద్దరు గ్రాఫిక్స్. మూడు వారాలు లైబ్రరీలో, నాలుగు రోజులు లాస్ ఏంజెలెస్‌లో, పది రోజులు లాస్ వేగాస్‌లో గడిపారు. పెద్దమనుషులు చవకబారు అని తీసిపారేసే జూదశాలల వీధిని, దాని సైన్‌బోర్డులను, కార్ల పార్కింగును ఒక గుడిని కొలిచినంత శ్రద్ధగా కొలిచారు. ఆ పని మీద 1972లో వచ్చిన పుస్తకం ‘లెర్నింగ్ ఫ్రమ్ లాస్ వేగాస్’ ఒక తరం ఆర్కిటెక్టుల ఆలోచనను మలుపు తిప్పింది. కట్టడం చదివేవాళ్లూ అక్షరం చదివేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోకపోతే ఆ పుస్తకం పుట్టేది కాదు. మన దగ్గర ఆ రెండు శాఖలూ ఒకే క్యాంపస్‌లో ఉన్నా ఒకరి షీట్లు ఇంకొకరు చూసుకోవడం అరుదు.

దానికి ముందే, 1960లో, అమెరికా నగర ప్రణాళికావేత్త కెవిన్ లించ్ ‘ది ఇమేజ్ ఆఫ్ ది సిటీ’లో ఒక పద్ధతి చూపించాడు. జనాన్ని తమ ఊరి పటం జ్ఞాపకం మీద గీయమన్నాడు. ఎవరు ఏది గీశారు, ఏది మరిచారు అన్నదాన్ని బట్టి ఊరు మనసులో ఎలా ఉందో లెక్కకట్టాడు. విశాఖలో జగదాంబ సెంటర్‌ను, విజయవాడలో బెంజ్ సర్కిల్‌ను పెట్టుకుని ఇవాళ ఏ విద్యార్థయినా చేయగల పని ఇది. కాగితం, పెన్సిలు, తీరిక చాలు.

జరిగేది మాత్రం వేరు. గూగుల్ ఫారం ఒకటి తయారుచేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. జవాబిచ్చేది ఇరవై ఏళ్లవాళ్లు, అందరూ ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు. వృద్ధాశ్రమం మీద థీసిస్‌కైనా వాళ్ల జవాబులే. అరవై శాతం మంది పచ్చదనం కావాలన్నారని గుండ్రటి బొమ్మ వేస్తారు. పచ్చదనం వద్దనేవాడు ఎవడు? ఒక రైతుబజారులో ఉదయం ఐదు నుంచి పది దాకా ఒకచోట కూర్చుని, నీడ ఎటు జరిగితే గంపలు ఎటు జరిగాయో గంటగంటకూ గుర్తుపెట్టిన ఒక్క పటం ఆ బొమ్మలన్నిటి కన్నా విలువైనది.

ఇంటి లోపల

ఇంటీరియర్ డిజైన్‌లో పరిశోధన ఇంకా బాల్యంలోనే ఉంది. ఆ చదువంటే రంగులు, కర్టెన్లు, ఫాల్స్ సీలింగ్ అన్న అపోహ ఒక కారణం. నిజానికి లోపలి స్థలం మీద పరిశోధనకు మంచి వంశమే ఉంది. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షూట్టె లిహోట్స్కీ వంటచేసే మనిషి అడుగులు, చేతి కదలికలు లెక్కపెట్టి ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని రూపొందించింది. ఇవాళ మన ఫ్లాట్లలోని మాడ్యులర్ కిచెన్లకు మూలం అదే. మన దేశంలో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) ప్రచురించిన దేబ్‌కుమార్ చక్రవర్తి పుస్తకం భారతీయుల శరీర కొలతలను డిజైనర్ల ముందు పెట్టింది. అది వచ్చింది 1997లో. అంటే అంతవరకూ చాలామంది కుర్చీలు, బల్లలు పరాయిదేశపు ఒళ్లను లెక్కలో పెట్టుకునే గీశారు.

ఒక వంటగట్టు సంగతి చూద్దాం. బిల్డర్లు సాధారణంగా ఎనభై అయిదు, తొంభై సెంటీమీటర్ల మధ్య కట్టేస్తారు. నిలబడి కూరగాయలు తరిగేటప్పుడు చెయ్యి ఆనే ఎత్తు మోచేతికి పది, పదిహేను సెంటీమీటర్లు కిందుగా ఉంటే భుజానికి శ్రమ ఉండదని ఎర్గనామిక్స్ చెబుతుంది. ఆ లెక్కన తరగడానికి సరిపోయిన గట్టు వండటానికి సరిపోదు. గట్టు మీద స్టవ్వు, స్టవ్వు మీద గిన్నె, గిన్నెలో గరిటె. చెయ్యి భుజం దాకా లేస్తుంది. పొట్టి మనిషి పప్పు ఎనపాలంటే మునివేళ్ల మీద నిలబడాలి. స్టవ్వు ఉన్నచోట గట్టును దించితే ఎంత దించాలి? పదిమంది ఆడవాళ్లను వాళ్ల వంటింట్లోనే వంట చేస్తుండగా కొలిస్తే జవాబు మొదలవుతుంది. ఏటా నాలుగు కాలేజీలు పదేసి మందిని కొలిచి లెక్కలు ఒకచోట పెడితే కొన్నేళ్లకు బిల్డరు ముందు పెట్టగల ప్రమాణం తయారవుతుంది. ఖర్చు టేపు ధరే.

అక్షరం, లక్క

విజువల్ డిజైన్‌లో విద్యార్థి పరిశోధన ఎంత దూరం పోగలదో చెప్పడానికి ప్రతివాడి జేబులోనూ సాక్ష్యం ఉంది. 2010లో కేంద్రం ఆమోదించిన రూపాయి గుర్తును గీసిన డి. ఉదయ కుమార్ అప్పటిదాకా ఐఐటీ బొంబాయి ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్‌లో తమిళ అక్షరాల రూపం మీద పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి. ఏళ్ల తరబడి అక్షరం నిలువుగీతనూ అడ్డగీతనూ తూకం వేసిన చెయ్యి కనుకనే ఆ గుర్తు అంత తేలిగ్గా కుదిరింది.

తెలుగు అక్షరానికి అంత పరిశోధన ఇంకా జరగలేదు. తిరుమల కృష్ణదేశికాచారి పోతన, వేమన ఫాంట్లు, ఆ తర్వాత సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేయించిన రామభద్ర, మండలి వంటి ఫాంట్లు అక్షరాల కొరత తీర్చాయి. చదవడం ఎలా ఉందన్న ప్రశ్న మిగిలే ఉంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద రెండు ఒత్తులు వేలాడతాయి. దాని కింది పంక్తిలో సరిగ్గా అక్కడే ఒక గుడి దీర్ఘం వచ్చిందంటే రెండూ తగులుకుంటాయి. పంక్తుల మధ్య ఎడం పెంచితే పేజీలో పట్టే మాటలు తగ్గుతాయి, ఒత్తును చిన్నది చేస్తే ముసలి కళ్లకు ఆనదు. థ, ధ ల మధ్య తేడా లోపలి చిన్న చుక్క. బస్సు బోర్డు మీద అది ఎంత దూరం నుంచి కనిపిస్తుంది, ఎండలో ఎంత, దీపం వెలుగులో ఎంత? ఇవన్నీ బస్టాండులో నిలబడి తేల్చగల ప్రశ్నలు. హైదరాబాద్ ఐఐటీలో డిజైన్ శాఖ ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు 2015 నుంచి ఎన్ఐడీ ఉంది. తెలుగు అక్షరం వాళ్ల ఇంటి ముంగిటే ఉంది.

చేతిపనుల డాక్యుమెంటేషన్ సంగతి కాస్త మెరుగు. అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన ఇండియా రిపోర్టు చెంబు లాంటి మామూలు వస్తువును ఎలా చూడాలో చెప్పింది. దాని ప్రేరణతో 1961లో పుట్టిన ఎన్ఐడీ తన విద్యార్థులను ఊళ్లకు పంపడం అలవాటు చేసింది. అదితి రంజన్, ఎం.పి. రంజన్ సంపాదకత్వంలో 2007లో వచ్చిన బృహద్గ్రంథం ‘హ్యాండ్‌మేడ్ ఇన్ ఇండియా’ ఆ సంస్థలో దశాబ్దాలుగా పెరిగిన ఆ అలవాటు ఫలం. విద్యార్థుల పని ఒకచోట చేరితే ఏమవుతుందో దాన్ని తిరగేస్తే తెలుస్తుంది.

మంచి డాక్యుమెంటేషన్‌కూ టూరిస్టు ఫొటోకూ తేడా ఏటికొప్పాకలో తెలుస్తుంది. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క కడ్డీని దానికి ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఎంత వేగంలో లక్క సమానంగా పరుచుకుంటుంది, కర్ర ఎంత ఆరాక పగుళ్లు రావు, ఏ గింజ నుంచి ఏ రంగు తీస్తారు అన్నవి రాసుకొచ్చినవాడు పరిశోధకుడు. బొమ్మల ఫొటోలతో, మొక్కుబడి చరిత్రతో తిరిగొచ్చినవాడు అతిథి.

కట్టి చూడటం

కొన్ని థీసిస్‌లు కాగితం దాటతాయి. జర్మనీకి చెందిన అన్నా హెరింగర్ ఆస్ట్రియాలోని లింజ్‌లో చదువుతూ బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్ అనే పల్లెకు ఒక బడిని 2004లో తన డిప్లొమా ప్రాజెక్టుగా గీసింది. ఆ తర్వాత ఊరివాళ్లతో కలిసి మట్టితో, వెదురుతో దాన్ని కట్టింది. 2007లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. గమనించాల్సింది అవార్డును కాదు. చదువుకు ముందే ఆమె ఆ పల్లెలో స్వచ్ఛంద కార్యకర్తగా సుమారు ఏడాది ఉంది. ప్రశ్న అక్కడ పుట్టింది, థీసిస్ ఆ తర్వాతి సంగతి.

అమెరికాలో ఆబర్న్ యూనివర్సిటీ 1993లో మొదలుపెట్టిన రూరల్ స్టూడియోది ఇంకో దారి. పేద పల్లెల్లో విద్యార్థులే ఇళ్లు కడతారు. తక్కువ ఖర్చుతో ఇల్లు అన్న ఒకే ప్రశ్నను పట్టుకుని ఒక బ్యాచ్ తర్వాత ఒక బ్యాచ్ నమూనాలను సవరిస్తూ పోతారు. నిరుటివాళ్ల తప్పు ఈ ఏటివాళ్ల పాఠం. మన దగ్గర లేనిది సరిగ్గా ఇదే.

ఎక్కడ తెగుతోంది?

ముందు విషయం ఎంపిక దగ్గర. విమానాశ్రయం, ఫిల్మ్ సిటీ, ధ్యానకేంద్రం, ఎకో రిసార్ట్. థీసిస్ జాబితా ఏ కాలేజీలో తీసినా ఇవే. పెద్ద కట్టడం గీస్తే పెద్ద పని చేసినట్టన్న భ్రమ. ఇన్నేళ్లలో ఎన్ని థీసిస్ విమానాశ్రయాలు వచ్చినా విమానాశ్రయాల గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు.

తర్వాత జ్యూరీ. పదిహేను నిమిషాలు, గోడ నిండా షీట్లు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కళ్లు ముందు రంగుల త్రీడీ వ్యూ మీద పడతాయి. ఆర్నెల్ల ఫీల్డ్‌వర్కు కింది వరసలో, మూల షీటులో ఉంటుంది. జ్యూరీలో కూర్చున్నప్పుడు నేను చాలాసార్లు గమనించింది ఇది: విద్యార్థి తనకు బాగా తెలిసిన సంగతి చెప్పబోతాడు, ‘ఎలివేషన్ చూపించు బాబూ’ అని మనం అడ్డుపడతాం. అడిగిందే వచ్చే ఏడాది తయారవుతుంది.

ఆ తర్వాత కాపీ. 2018 యూజీసీ నిబంధనలు పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదంటాయి. సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది మాటలనే. మొత్తం ప్లాన్ ఎత్తుకొచ్చి తిప్పి గీసినా దానికి తెలియదు. ఏఐ వచ్చాక వ్యూలు క్షణాల్లో తయారవుతున్నాయి. అందుకే ఎవరి చేతితో కొలిచారో తెలిసే ఫీల్డ్ నోట్సుకు ముందెన్నడూ లేని విలువ వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద తెగుదల చివర్లో ఉంది. పీహెచ్‌డీ గ్రంథాలు యూజీసీ 2009 నిబంధనల పుణ్యమా అని శోధ్‌గంగలో చేరుతున్నాయి. డిగ్రీ, పీజీ థీసిస్‌లకు అలాంటి దేశవ్యాప్త భాండాగారం లేదు. స్పైరల్ బైండింగులు లైబ్రరీ అల్మారాలో కొన్నేళ్లుండి, చోటు చాలక పోతాయి. ఫైళ్లు పెన్‌డ్రైవుల్లో, పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోకుండా ఉండిపోతాయి. ఒకే ఊరిని పదేళ్ల ఎడంతో రెండు కాలేజీలు కొలిస్తే ఆ రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి ఊరు ఎలా మారిందో చెప్పవచ్చు. ఆ అవకాశం చేజేతులా పోతోంది.

నమూనాలు లేకపోలేదు. బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ రీబా 1836 నుంచి పతకాలిస్తోంది, డిజర్టేషన్‌కు వేరే పతకం ఉంది. డిజైన్‌కు ఒకటి, రాసిన పరిశోధనకు ఒకటి అని విడదీయడం వల్ల రాసేవాడు గీసేవాడి నీడలో పడడు. ఐఐటీ బొంబాయి నేతృత్వంలో నడిచే డిసోర్స్ వెబ్‌సైట్ చేతిపనుల డాక్యుమెంటేషన్‌ను అందరికీ అందుబాటులో పెట్టింది.

చేయగలిగినవి

విజయవాడ ఎస్పీఏ, హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, ఆంధ్రా యూనివర్సిటీ, ఎన్ఐడీ, ఐఐటీ. తెలుగునాట ఈ సంస్థలు కలిసి కూర్చుంటే కొత్త చట్టం అక్కర్లేదు. థీసిస్‌తో పాటు కొలతల ఫైళ్లు, ఫీల్డ్ నోట్సు, అనుమతి తీసుకున్న ఇంటర్వ్యూలు మామూలు ఫార్మాట్లో, ఊరి పేరుతో, తేదీతో ఒకేచోట చేర్చడం మొదటి పని. పాత థీసిస్‌ను మళ్లీ పరీక్షించే థీసిస్‌ను కొత్తదానితో సమానంగా ఒప్పుకోవడం రెండోది. పదేళ్ల కింద ఈ ఇల్లు చల్లగా ఉంటుందని ఎవరో రాశారు, థర్మామీటరు పెట్టి చూద్దాం అన్నవాడికి కొత్తదనం లేదని మార్కులు కోయకూడదు.

మూడోది మర్యాదకు సంబంధించింది. మండువాలో టేపులు పరిచినప్పుడు కాఫీలిచ్చిన ఇంటివాళ్లకు, లేతు ఆపి ప్రశ్నలకు జవాబిచ్చిన పనివాడికి, గీసినదాని ప్రతి ఒకటి తెలుగు వివరణతో చేరాలి. తప్పులు ముందు పట్టుకునేది వాళ్లే. ఈ దిద్దుబాటు ఏ జ్యూరీ కన్నా గట్టిది.

మంచి విద్యార్థి పరిశోధనకు నా కొలబద్ద చిన్నది. పైన చెప్పిన వార్సా పటాలకూ, లాస్ వేగాస్ పుస్తకానికీ, రూరల్ స్టూడియో ఇళ్లకూ ఉన్న ఉమ్మడి గుణం ప్రతిభ ఒక్కటే కాదు. వాటిని తర్వాతివాళ్లు వాడుకోగలిగారు. అందుకే జ్యూరీ అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇందులో కొత్తదేమిటి’ అన్నది కాదు. ‘ఎవరి పని మీద ఇది నిలబడింది, దీని మీద ఎవరు నిలబడగలరు’ అన్నది. దానికి జవాబు చెప్పగలిగినవాడికి వ్యూ బాగోకపోయినా మొదటి మార్కు ఇవ్వాలి. మార్కులు ఆ వైపు తిరిగిన ఏడాది నుంచే విషయాల జాబితా కూడా మారుతుంది.